రామప్ప గురకకు గడ్డం పట్టీ

మధ్యాహ్నం రాగిముద్ద తిని మజ్జిగ తాగి రామప్ప పడసాలలో చాప మీద ఒరిగాడంటే గురక మొదలయ్యేది. తువ్వాలు మడిచి తలకింద పెట్టుకునే లోపలే అందుకునేవాడు మహానుభావుడు. కాసేపు గొంతులో దొర్లి, తర్వాత గురక గడప దాటి ఊరి మీదికి పోయేది. పక్కింటి తిమ్మక్క రేకుల పక్కగా మల్బరీ తోటలోకి, అక్కడినుంచి పాలడైరీ దాకా పోయి, చుట్టి వచ్చి మళ్ళీ ఆయన నోట్లో దూరేది. ఎదురైనవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. డైరీ దగ్గర అది వినబడితే ఆడవాళ్ళు పాలు పితకడానికి లేచేవారు.

గురక బయట తిరిగినంతసేపూ రామప్ప ఎద ఆడేది కాదు. ఇది పట్టింది ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మకు ఒక్కదానికే. ఇదివరకు ఆమె చింతపండు పిసికేలోగా తిరిగొచ్చేది. ఈమధ్య దానికి దూరాలు అలవాటయ్యాయి. డైరీ దాటి మురుగమల్ల దర్గా రోడ్డు ఎక్కుతోంది. పట్టపగలు, నట్టింట్లో, మొగుడి ఎద మీద అరచేయి పెట్టుకుని ఆమె చెమటలు కక్కుతూ కూర్చునేది. ఆయన పెదాలు నల్లబడుతుంటే వాకిట్లోకి పరుగెత్తేది.

"తిమ్మక్కా, ఆయప్పది ఇట్ల వచ్చినాదా?"

"ఇంకా లేదమ్మా. దర్గా బస్సు ఎనకాలే పోతా ఉండె."

చింతామణిలో కాపురముంటున్న కూతురు అంబిక ఈ సంగతి విని, ఇద్దరినీ అక్కడి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు కన్నడంలో అంతా వివరించి, చివరికి "నిద్దెయల్లి ఉసిరు నిల్లుత్తె" అన్నాడు. మాస్కు మిషను వాడమని రాసిచ్చాడు.

ఊరు కర్ణాటకలోదే, రామప్పకు కన్నడం రాక కాదు. తాలూకా ఆఫీసులో గుమాస్తాలనే నోరెత్తనివ్వని మనిషి. కానీ ఆ ఒక్క మాటను మాత్రం తెలుగు చెవితో విన్నాడు.

"విన్యారు గదా? ఉసురు నిలుస్తాదంట. డాక్టరే చెప్పె," అన్నాడు బయటికొచ్చి, మీసం సవరించుకుంటూ.

"అయ్యో నాయనా, ఉసిరు నిల్లుత్తె అంటే ఊపిరి ఆగిపోతాదని!"

"నాకు నేర్పించొద్దు పాపా. ప్రాణం నిలిచె అంటే ఏమి? బతికె అని గదా."

సుబ్బలక్ష్మమ్మకు రెండు అర్థాలూ తెలుసు. మొగుడి అర్థాన్నే నమ్మాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. డాక్టరు చీటీని మాత్రం కొంగున ముడేసుకుంది.

మందులంగడి అమరేష్ గురకకు పనికొచ్చేవన్నీ బల్ల మీద పరిచాడు. ముక్కుకు అతికించేది, పళ్ళకు తొడిగేది, గడ్డం కిందినుంచి నెత్తి మీదికి కట్టే పట్టీ, పొడుగు గొట్టంతో మాస్కు మిషను. రామప్ప గొట్టాన్ని వేలితో పొడిచాడు.

"తొండం మాదిరి ఉండాది. ఇది పెట్టుకోని పండుకుంటే యముడే జడుసుకోని పోతాడు," అని నవ్వి, పట్టీ అందుకున్నాడు. "ఇది చాలు. నోరు మూస్తే గురక యాడ నుంచి వస్తాది?"

సుబ్బలక్ష్మమ్మ బల్ల మీదికి వంగింది. "అప్పా, ఒక మాట చెప్పు. వీటిలో మూసేది ఏది, తెరిచేది ఏది?"

"పట్టీ నోరు మూస్తాదమ్మా. మిషను గాలి పంపి లోపలి దోవ తెరిచి పెడతాది. డాక్టరు రాసింది మిషనే గదా, అదే తీసుకోండి."

"ఉసురు నిలుస్తాదని చెప్పినోడు మిషను ఎందుకు రాస్తాడప్పా? చెయ్యి అలవాటు," అని రామప్ప పట్టీని సంచిలో వేసుకున్నాడు. తల్లీ కూతుళ్ళు ఎంత చెప్పినా వినలేదు.

మరుసటి రోజు ముద్ద తిన్నాక ఆయన పట్టీ తగిలించుకున్నాడు. "జారిపోతాది, ముడి గట్టిగా ఏయి," అంటే సుబ్బలక్ష్మమ్మే వేసింది. గురక కాసేపు పళ్ళ వెనక కొట్టుకుని, పెదవి మూలనుంచి సన్నగా జారి బయటికి పోయింది. వెనకే పట్టీ నోటిని బిగించేసింది.

అది తిరిగొచ్చేసరికి నోటి తలుపు మూసి ఉంది. గడప దగ్గర తడబడి, రామప్ప మొహం మీదికి వచ్చి, పొదుగు దొరకని దూడలాగా పెదాలను కుమ్మింది. ముక్కులో దూరబోయింది. రోడ్లు తిరిగి బలిసిన గురక, పట్టలేదు. సుబ్బలక్ష్మమ్మ ముడి లాగుతోంది. అది ఇంకా బిగుసుకుంటోంది. ఆయన గోళ్ళు నీలంగా మారుతున్నాయి. గురక అలిసిపోయి మెల్లగా వాకిలివైపు తిరిగింది.

"యాడికి పోతాండావు!" అని ఆమె నోరంతా తెరిచి అరిచింది.

తెరిచిన నోరు కనబడింది దానికి. లోపలికి దూరింది. మల్బరీ ఆకు వాసన, బస్సు పొగ వాసన గొంతులో నిండి ఆమెకు ఊపిరాడలేదు. అరుపు విని కొడవలితో వచ్చిన తిమ్మక్క పట్టీని తెగ్గోసింది. రామప్ప నోరు తెరుచుకుంది. సుబ్బలక్ష్మమ్మ సిగ్గు విడిచి, తిమ్మక్క ముందరే మొగుడి నోటికి నోరు ఆనించి, ఉన్నదంతా వంపేసింది.

ఆయన ఎద లేచింది. కానీ వంపినదానిలో ఆయనది ఎంతో ఆమెది ఎంతో తెలియదు. డైరీ క్యానులో కలిసిన పాలను ఏ ఇంటివని విడదీస్తారు?

సాయంత్రం రామప్పే కూతురికి ఫోను చేశాడు. "పాపా, ఆ తొండం మిషను తీసుకోని రా."

మిషను వచ్చింది. గురక ఊరి మీదికి పోవడం మానేసింది. డైరీ ఆడవాళ్ళు ఇప్పుడు ఫోన్లలో అలారాలు పెట్టుకుంటున్నారు. అంతా బాగుందనుకుని సుబ్బలక్ష్మమ్మ ఒకరోజు బాగేపల్లిలో అక్కను చూడడానికి బస్సెక్కింది. ఊరి పొలిమేర దాటగానే ఎద పట్టేసింది. బస్సు ఆపించి దిగి, రొప్పుతూ వెనక్కి నడిచింది. ఎదురుగా రామప్ప, మొహం పాలిపోయి, చెప్పులైనా లేకుండా వస్తున్నాడు. దగ్గరయ్యేకొద్దీ ఇద్దరికీ గాలి అందింది.

"ఉసురు ఒకటే ఉండాది," అన్నాడాయన. "ఇద్దరికీ."

"ఎవరిదన్నా ఆగితే?"

రామప్ప ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని ఇంటిదారి పట్టాడు. జీవితంలో మొదటిసారి ఆయన భయపడడం ఆమె చూసింది. ఆ మధ్యాహ్నం చాప మీద పక్కపక్కన పడుకున్నారు. మిషను సన్నగా గాలి ఊదుతోంది. ఎవరు ముందు నిద్రపోవాలో తేలక ఇద్దరూ కళ్ళు తెరుచుకునే ఉన్నారు.