అమ్మియా వేసిన రెండో చాప

అమ్మియా ఇంటి ఉన్ని కొట్టులో మగవాళ్లంతా చప్పట్లతో దరువు వేస్తున్నారు. గుమ్మం దగ్గరికి వచ్చిన మానెస్ ఆ చప్పుడు వినగానే గడప అవతలే ఆగిపోయాడు. పదిహేనేళ్ల కిందట పెస్సినస్ ఊరి గుడి ముంగిట, కొండతల్లి ఉత్సవంలో డప్పులు సరిగ్గా ఇలాగే మోగాయి. ఆ హోరులో ఒళ్లు మరిచి, పంతొమ్మిదేళ్ల మానెస్ కుండపెంకుతో తన మగతనాన్ని తానే కోసి తల్లి కాళ్ల ముందు పడేశాడు. జనం జేజేలు కొట్టారు. మరుసటి వసంతానికి తల్లి మళ్లీ అడిగింది. ఈసారి చేతులు చీల్చుకున్నాడు. ఆ పై ఏడాదీ అంతే.

ఆ ఊబిలోంచి అతన్ని లాగినవాడు ఒక యూదుడు. దారినపోతూ ఊళ్లో ఆగిన బోధకుడు. "క్రీస్తు ఒక్కసారే నీకోసం నెత్తురు కార్చాడు. ఇక నీ నెత్తురు ఎవరికీ అక్కర్లేదు" అని, రొట్టె విరిచి చేతిలో పెట్టాడు. బదులు ఏమీ అడగలేదు. అలాంటి మనిషిని మానెస్ అంతకుముందు చూసి ఎరగడు. అప్పటినుంచి క్రీస్తును నమ్మినవాళ్ల సంఘం అమ్మియా ఇంట్లో కూడి, ఒకే చాప మీద తినేది.

ఇప్పుడు యెరూషలేము నుంచి, క్రీస్తును నమ్మిన ఇంకో యూదుడు ఎలియాబు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కాళ్లు పుళ్లు పడేలా నడిచి వచ్చాడు. కానీ సున్నతి లేనివాళ్లతో కలిసి తిననన్నాడు. అతిథి కదా అని అమ్మియా అతనికి వేరే చాప వేసింది. అదే కొంప ముంచింది. పది రోజుల్లో సగం సంఘం కోయించుకుని ఆ చాప మీదికి చేరింది. ఇవాళ వంతు మానెస్ తమ్ముడు బ్రికోన్‌ది.

రాళ్ల గనిలో పనిచేసే బ్రికోన్ లాగు విప్పి ఉన్ని మూట మీద కూర్చున్నాడు. "పట్టుకోడానికి మనుషులెందుకు? నేనేమన్నా గొర్రెనా?" అంటున్నాడు.

"ఒరేయ్, లే. లాగు కట్టుకో" అన్నాడు మానెస్.

"పో అన్నా! నువ్వు కొండతల్లికి మొత్తం కోసిచ్చి వచ్చావు. నేను నిజదేవుడికి గోరంత తోలు ఇవ్వకూడదా?"

అందరూ విరగబడి నవ్వారు. ఎలియాబు మాత్రం నవ్వలేదు. "మొత్తం అంటే?" అని అడిగాడు. ఎవరో చెప్పారు. అతని ముఖం వాడిపోయింది.

"నాయనా, నీ మీద నాకు కోపం లేదు. కానీ అలాంటివాడు దేవుని సమాజంలోకి రాకూడదని మా యూదుల ధర్మశాస్త్రం. నీకు ఏ చాప మీదా చోటు లేదు" అంటూ కత్తి తీసి బ్రికోన్ మీదికి వంగాడు.

మానెస్ దూకి కత్తి అలుగునే పట్టుకున్నాడు.

"వదులన్నా! నలుగురిలో నా పరువు తీయకు!" బ్రికోన్ గుద్దు ముక్కు మీద పడింది. ఎముక విరిగింది. రెండో గుద్దుకి ముందుపళ్లు ఊడాయి. మానెస్ వదల్లేదు. ఎలియాబు పిడి లాగేకొద్దీ అలుగు అరచేతిలోకి దిగి ఎముకను తాకింది. తెల్లటి ఉన్ని ఎర్రబడింది.

"నేనూ ఇలాగే నవ్వుతూ కోసుకున్నానురా!" నెత్తురు ఉమ్ముతూ అరిచాడు మానెస్. "ఎంత పోసినా చాల్లేదు. దీనికీ చాలదు. నువ్వు ఆ చాప ఎక్కితే నీతో కలిసి ముద్ద తినే రాత నాకిక లేదు. నాకున్నది నువ్వొక్కడివే కదరా!"

ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగింది. బ్రికోన్ ఎలియాబు వైపు తిరిగాడు.

"అయ్యా, నేను కోయించుకుంటే మా అన్న నా పక్కన కూర్చోవచ్చా?"

ఎలియాబుకి అబద్ధం చేతకాదు. "కూర్చోకూడదు" అన్నాడు. పిడి వదిలేశాడు. తన తలపాగా చింపి మానెస్ అరచేతికి కట్టు కట్టాడు.

బ్రికోన్ లాగు కట్టుకున్నాడు. అమ్మియా రెండో చాపను లాగి పొయ్యిలో పడేసి, రొట్టె తెచ్చింది. మానెస్ వేళ్లు ముడుచుకోక రొట్టె జారిపోయింది. బ్రికోన్ దాన్ని తీసి, విరిచి, తాను పగలగొట్టిన ఆ నోట్లోనే పెట్టాడు. ముక్క నెత్తుటితో తడిసింది. మానెస్ ఏడుస్తూ నమిలాడు.

రెండో ముక్క బ్రికోన్ ఎలియాబు వైపు చాచాడు. "మీరూ తినండయ్యా. మేం ఏమీ అడగం."

ఎలియాబు చెయ్యి సగం దాకా వచ్చింది. కళ్లు నిండాయి. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు వెతుక్కుని బయటికి నడిచాడు. బ్రికోన్ చాచిన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.