ఆ ముప్పై మూడు నిమిషాలు

బుధవారం పొద్దున డాక్టర్ గొంతు సగం మాటలో ఆగిపోయింది. నేను జడ వేసుకుంటూ అటు చూశాను. అక్క పెడల్ మీద నుంచి కాలు తీసేసి, తెర వంక చూస్తూ కూర్చుంది.

అక్క ఇంట్లోనే పనిచేస్తుంది. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు విని, టైపు చేసి ఆఫీసుకి పంపాలి. బల్ల కింద ఉండే పెడల్ తీగ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంటుంది. మునివేళ్ళతో నొక్కితే డాక్టర్ మాట్లాడతాడు, మడమతో నొక్కితే అన్న మాటే మళ్ళీ అంటాడు. నాన్న ఊళ్ళో కుట్టుమిషన్ తొక్కేటప్పుడు కూడా కాలు అలాగే ఆడుతుంది.

"నిన్న దీనికి ఏం పెట్టావే?" అంది అక్క నా వైపు తిరక్కుండానే.

"నేనా?"

"ఇంకెవరు, గోడా?"

వెళ్ళి చూశాను. ఆఫీసు నుంచి వచ్చిన సందేశం అది. నిన్న సాయంత్రం నాలుగూ తొమ్మిదికి ఈ ల్యాప్‌టాప్‌కి బయటి మెమరీ పరికరం ఒకటి తగిలించారు, నాలుగూ నలభై రెండుకి తీసేశారు, శుక్రవారం పది గంటలకి ల్యాప్‌టాప్‌తో, ఆ పరికరంతో ఆఫీసుకి రావాలి అని ఉంది.

ఆ ల్యాప్‌టాప్ ఆఫీసు వాళ్ళది. పెన్ డ్రైవ్, మెమరీ కార్డు, ఫోను, ఏదీ దానికి తగిలించకూడదు. రోగుల సంగతులు బయటికి పోతాయని భయం. ఉద్యోగంలో చేరిన రోజు అక్క సంతకం పెట్టిన కాగితం బల్ల ఎదురుగా గోడకి అంటించి ఉంది.

"పాస్‌వర్డ్ వేసే వెళ్ళాను" అంది అక్క, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "నాన్న కంటి చుక్కల మందు కోసం నాలుగింటికి వెళ్ళి అయిదింటికి వచ్చాను. పాస్‌వర్డ్ ఉన్నా సరే, తగిలిస్తే చాలు వాళ్ళకి తెలిసిపోతుంది. నీ సైన్సు మాస్టారు ఇచ్చిన పెన్ డ్రైవ్ ఏది?"

నా కంపాస్ పెట్టెలోంచి తీసి ఇచ్చాను. ఎవరైనా గట్టిగా అడిగితే చాలు, చేయని పనికి కూడా నా చెవులు ఎర్రబడతాయి. అక్క పెన్ డ్రైవ్‌ని చూడలేదు, నా చెవుల్నే చూసింది.

"నేను పెట్టలేదక్కా. నిన్న బడి నుంచి వచ్చేసరికే అయిదవుతోంది."

"అయిదుకి ఎంత ముందు?"

అప్పుడు నాకు మెట్ల మీది సంగతి గుర్తొచ్చింది. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను.

మంగళవారం నేను మెట్లెక్కుతుంటే బావ గబగబా దిగుతూ ఎదురయ్యాడు. బావకి రెండు వీధుల అవతల ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. ఆ వేళప్పుడు ఇంటికి రాడు. ఒక చెయ్యి జేబులో ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "ఏమ్మా సైలెంట్ మోడ్, నేను వచ్చినట్టు మీ అక్కకి చెప్పకు. షాపు వదిలేసి తిరుగుతున్నానని క్లాసు పీకుతుంది" అని నవ్వి వెళ్ళిపోయాడు. నేను మాట్లాడనని నాకు ఆ పేరు పెట్టింది బావే.

బావ చొక్కా జేబులో ఎప్పుడూ మెమరీ కార్డులుంటాయి, గోరంత గోరంతవి. ఉతికేటప్పుడు అక్క జేబు దులిపితే రాలతాయి.

మధ్యాహ్నం బావ షాపు నుంచి, నేను బడి నుంచి భోజనానికి వచ్చినప్పుడు అక్క అందర్నీ నిలదీసి అడిగింది. అందరూ అంటే ముగ్గురమే. కంటి ఆపరేషన్ చేయించుకుని పది రోజులుగా మాతో ఉంటున్న నాన్న, బావ, నేను. అమ్మ ఊళ్ళో కుట్టాల్సిన బట్టలు పేరుకుపోతాయని రాలేదు.

"నిన్న సాయంత్రం కంప్యూటర్ ఎవరు వాడారు?"

నాన్న కంటి మీద ఆకుపచ్చ రేకు సర్దుకుని, "నాకు ఉన్న ఒక్క కన్నుతో గోడ గడియారమే కనబడట్లేదు. నేనేం వాడతానమ్మా?" అన్నాడు.

"మీరు?" అంది బావతో.

"నేను షాపులో ఉన్నాను" అన్నాడు బావ. అని, నా వంక చూశాడు. ఒక్క క్షణమే, కానీ చూశాడు. నేను కంచంలోకి తల దించాను.

ఆ సాయంత్రం అక్క ఆఫీసు మేడమ్‌తో ఫోన్లో మాట్లాడింది. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న నాకు అవతలి గొంతు కూడా వినబడింది. మేడమ్ గొంతు అంత గట్టిది.

"చూడమ్మా, ఆ పరికరం నంబరు మా సిస్టంలో పడింది. తెచ్చింది అదో కాదో చిటికెలో తేలిపోతుంది. తెలియక చేసిన పొరపాటైతే హెచ్చరికతో సరిపెడతాం. ఇంకోటి తెచ్చి ఇదే అన్నావనుకో, శుక్రవారమే నీకు ఆఖరు రోజు."

అక్క ఫోను పెట్టేసి బావ చొక్కాలన్నీ దులపడం మొదలుపెట్టింది. కొక్కేనికి వేలాడుతున్నవీ, ఉతకడానికి వేసినవీ, ఇస్త్రీ చేసినవీ. ఒక్కో కార్డూ తీసి పళ్ళెంలో పేర్చింది. పదకొండు తేలాయి. అక్క పదకొండో కార్డు పెడుతుండగా బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో మాకు తెలియదు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏదైనా కావాలంటే నాతో చెప్పించుకున్నారు. "మీ బావకి చెప్పు, టీ చల్లారిపోతోందని." "మీ అక్కకి చెప్పు, నాకు వద్దని." ఇద్దరూ అదే గదిలో ఉన్నారు.

గురువారం బడిలో నాకు ఒక్క పాఠమూ ఎక్కలేదు. బావ ఎందుకు చేసి ఉంటాడు? షాపుకి వచ్చే వాళ్ళెవరికైనా రోగుల వివరాలు కావాలేమో. లేక అక్క ఏం టైపు చేస్తుందో చూడాలనుకున్నాడేమో. మెట్ల మీద జేబులో చెయ్యి ఎందుకు పెట్టుకున్నాడు? చెప్పకు అని నన్నెందుకు అడిగాడు? నన్ను కాలేజీలో కూడా చదివిస్తానని మొన్ననే అన్న మనిషి. అలాంటి మనిషిని దొంగ అనుకోవడానికి సిగ్గేసింది. అనుకోకుండా ఉండలేకపోయాను.

ఆ సాయంత్రం బావ ఒక మెమరీ కార్డు తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు.

"ఇదే. నేనే పెట్టాను. ఒక కస్టమర్ ఫోటోలు చూడాల్సి వచ్చింది. షాపులో కరెంటు లేక ఇంటికొచ్చాను. తీసుకెళ్ళి ఇచ్చెయ్."

అక్క మొహం తెల్లబడింది. "నిన్న అడిగితే షాపులో ఉన్నానన్నారు."

"భయమేసింది."

"మీకా? భయమా? కాగితం గోడ మీద ఉంది కదండీ, చదువుకోలేదా?"

"ఇప్పుడు ఒప్పుకున్నానుగా. ఇంకేం కావాలి?"

అక్క ఆ కార్డుని కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. నంబరు సంగతి బావకి చెప్పలేదు, అంతవరకూ వాళ్ళకి మాటల్లేవు గనక. ఎలాగూ దొరికిందనుకుని ఉంటుంది కూడా.

నా మనసు కుదుటపడాలి. కానీ ఏదో గుచ్చుకుంది. షాపులో కరెంటు లేక అన్నాడు. మరి ఇంట్లో ఉందా?

మంచం మీద గోడ వైపు తిరిగి నా డైరీ తీశాను. ఊళ్ళో ఉన్నప్పటి నుంచీ రోజూ రాస్తాను. పెద్ద సంగతులేం ఉండవు. మంగళవారం పేజీలో ఇలా ఉంది:

"కొత్త తీగలు వేస్తున్నారని పొద్దున్న ఏడింటికే కరెంటు తీసేశారు. నేను బయల్దేరుతుంటే నాన్న రేడియో గురగురమని ఆగిపోయింది, చార్జింగ్ లేదు. నాన్న దాన్ని దులిపి దులిపి చూశాడు. బడిలో గంట చేత్తో కొట్టారు, ప్యూను చెయ్యి నొప్పని తిట్టుకున్నాడు. మెట్ల మీద బావ కనబడ్డాడు, దొంగ చూపు చూశాడు. లోపలికి వెళ్తే నాన్న నిద్రపోతున్నాడు, గుండెల మీద రేడియో సన్నగా పాడుతోంది. దాని వైరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టి ఉంది. కరెంటు ఆరింటికి వచ్చింది."

రెండుసార్లు చదివాను. పొద్దున్న ఆగిపోయిన రేడియో, రోజంతా కరెంటు లేని ఇంట్లో, సాయంత్రం అయిదింటికి పాడుతోంది.

అది అరచేతి అంత రేడియో. లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది. కంటి మీద రేకు పెట్టిన దగ్గర్నుంచి చదవకూడదు, కుట్టకూడదు అన్నారని, నాన్నకి కాలక్షేపం కోసం బావే కార్డు నిండా పాటలు వేసి ఇచ్చాడు.

శుక్రవారం లేవగానే నాన్న పక్కన కూర్చున్నాను.

"నాన్నా, మంగళవారం రేడియోకి చార్జింగ్ ఎలా పెట్టావు?"

"అక్క పెట్టెకి పెట్టాను. వీధంతా కరెంటు పోయినా దాంట్లో ఉంటుంది కదా! పక్కన కన్నం తడుముకుంటే వైరు టక్కున పట్టింది" అన్నాడు, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించినంత గర్వంగా.

"మరి అక్క అడిగితే వాడలేదన్నావే?"

"వాడలేదమ్మా! దాని మూత కూడా ఎత్తలేదు. కాస్త కరెంటు తీసుకున్నాను, అంతే. అదీ తప్పేనా?" ఆ ఒక్క కన్నూ నా మొహం మీద ఆగింది. "ఏమైంది?"

"తీసింది ఎవరు?"

"ఏమో, నాకు కునుకు పట్టింది. లేచేసరికి పక్కన చుట్టి పెట్టి ఉంది."

వైరుకి రబ్బరు బ్యాండు వేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే. షాపులో బావ ప్రతి వైరుకీ అలాగే వేస్తాడు.

గడియారం తొమ్మిది చూపిస్తోంది. అక్క తయారై, ల్యాప్‌టాప్ సంచిలో పెడుతోంది. బావ గుమ్మం దగ్గర బండి తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి బదులు డైరీ తెరిచి అక్క ముందు పెట్టాను. ఒక వాక్యం మీద అరచెయ్యి ఉంచాను.

"ఏంటే ఇది, టైం అవుతుంటే?"

"చదువు."

చదివింది. నా చెయ్యి పక్కకి నెట్టి, దాని కింద ఉన్నదీ చదివింది. తర్వాత రేడియో వంక చూసింది. ఇంకా అర్థం కాలేదు.

"ఆ కార్డు కాదక్కా" అన్నాను. "నాన్న రేడియో. చార్జింగ్ కోసం దీనికి తగిలించాడు, దాని లోపలా కార్డుంది. ఇంకోటి తీసుకెళ్తే ఈ రోజే ఆఖరని మేడమ్ అంది. వాళ్ళ దగ్గర నంబరుంది."

బావ చేతిలో తాళాలు చప్పుడయ్యాయి. "నంబరా? ఏ నంబరు?"

"ప్రతి పరికరానికీ ఉంటుందటగా" అంది అక్క. "మీకు తెలియదూ? ఫోన్లు విప్పేది మీరేగా!"

"ఉంటుందని తెలుసు. వాళ్ళు చూస్తారని తెలియదు." బావ లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "షాపులో చీకటిగా ఉంటే టార్చి కోసం ఇంటికొచ్చాను. చూస్తే రేడియో దీనికి తగిలించి ఉంది. తీసి, పాటలు పెట్టి మామయ్య గుండెల మీద ఉంచి, టార్చి జేబులో వేసుకుని వెళ్ళిపోయాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను."

"నాతో చెప్పచ్చు కదా?"

"చెబితే నువ్వేం చేస్తావు? మామయ్య మీద గయ్యిమంటావు. ఆయన సంచి సర్దుకుని, ఒక కన్నుతోనే బస్సెక్కుతారు. పోయినసారి ఏమైందో మర్చిపోయావా?"

అక్క మర్చిపోలేదు. పోయినసారి పాలు పొంగబెట్టినందుకు విసుక్కుంటే, నాన్న భోజనం కూడా చెయ్యకుండా ఊరెళ్ళిపోయాడు.

"మరి దొంగ అనిపించుకున్నా పర్వాలేదా?"

"అనుకున్నది నువ్వేగా" అన్నాడు బావ. నవ్వబోయాడు గానీ కుదరలేదు.

లోపలి గదిలోంచి నాన్న గోడ పట్టుకుంటూ వచ్చాడు. అంతా విన్నాడు. సంచి సర్దుకున్నాడేమోనని ముగ్గురమూ ఆయన చేతుల వంక చూశాం. చేతిలో సంచి లేదు, రేడియో ఉంది.

"పద" అన్నాడు అక్కతో. "నేను పెట్టానని నేనే చెబుతాను."

బడి మానేసి నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసులో మేడమ్ గొంతు ఫోన్లోకంటే చిన్నగా ఉంది. ఒకతను రేడియోని వేరే కంప్యూటర్‌కి తగిలించి నంబరు చూసి తలూపాడు. మేడమ్ నాన్నని కూర్చోమంది. నాన్న కూర్చోలేదు.

"కరెంటు కోసం పెట్టానమ్మా. మీ రోగుల సంగతులు నాకెందుకు, నా రోగమే నాకు చాలు" అన్నాడు. నంబరు చూసినతను నవ్వాపుకోడానికి కీబోర్డు తుడిచాడు.

హెచ్చరిక కాగితం మీద అక్క సంతకం పెట్టింది. ఉద్యోగం నిలబడింది. ఇక పెడల్ తప్ప ఇంకేదీ పనిచేయకుండా ల్యాప్‌టాప్ కన్నాలన్నీ మూసేశారు. కార్డులో పాటలు చెరిపేసి రేడియో వెనక్కిచ్చారు. బావ మళ్ళీ పాటలు వేస్తానన్నాడు. నాన్న వద్దన్నాడు, వార్తలు చాలన్నాడు.

ఆ రాత్రి షాపు నుంచి రాగానే బావ తిన్నగా అక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు. చొక్కా జేబులోంచి మెమరీ కార్డులు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టాడు. ఎవరూ అడగలేదు. జేబు లోపలి గుడ్డ కూడా బయటికి లాగి చూపించాడు.

"చాల్లెండి" అంది అక్క.

"ఇంకోటి ఉంది, ప్యాంటు జేబులో."

"చాలన్నానా."

నేను డైరీలో మొహం పెట్టుకుని చూడనట్టు కూర్చున్నాను. అక్క పళ్ళెం ఎత్తి, బయటికి లాగిన గుడ్డని లోపలికి తోసి, కార్డులన్నీ ఒకేసారి ఆ జేబులోకి వంచేసింది. ఎన్నున్నాయో చూడలేదు. రెండు కిందపడితే బావ వంగి వెతుక్కున్నాడు.