కకాబాయ్‌కి పోసిన చాయ్

కకాబాయ్ తిండి గొట్టంలో పుండు గీకి పన్నెండు రోజులే అయిందని నాకు తెలుసు. అందుకే చాయ్‌కి పిలిచాను.

అతను నా భార్య ఒగుల్‌బేకెకి సొంత అన్న. మూలికలు నూరి పొడులు అమ్ముతాడు. గొంబద్ పట్నం చుట్టుపక్కల మా తుర్క్‌మెన్ ఊళ్ళలో ఎవరికి ముద్ద దిగకపోయినా ముందు అతని గుమ్మమే తొక్కుతారు. మా వైపు ఆ జబ్బు ఎక్కువ. మరిగే చాయ్ ఊదకుండా తాగేవాడే మగాడని మా వాళ్ళ లెక్క.

ఏడేళ్ళ కిందట ఒగుల్‌బేకెకి రొట్టె అడ్డుపడింది. గోర్గాన్ ఆసుపత్రిలో దీపమున్న గొట్టం దింపి చూశారు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"క్యాన్సరే. కానీ తొలిదశ, పై పొరలోనే ఉంది. ఈ గొట్టంతోనే లోపల్నుంచి గీకి తీసేస్తాం. ఛాతీ కొయ్యక్కర్లేదు. తీసిన ముక్క పరీక్షకి పంపితే లోతుకి దిగిందో లేదో తెలుస్తుంది. దిగితే అప్పుడు పెద్ద ఆపరేషన్, తిండి గొట్టం కోసి తీసేసి పొట్టని పైకి లాగి కలుపుతాం. కత్తికి తట్టుకోలేనివాళ్ళకి కరెంటు పెడతాం, మందులెక్కిస్తాం. ఏదైనా సరే, ఈ నెల్లోనే రండి."

ఆ సాయంత్రమే కకాబాయ్ వచ్చాడు. "కత్తి తగిలితే ఊక కుప్పకి నిప్పంటినట్టే, బావా. నా చెల్లెల్ని కసాయోళ్ళకిస్తానా?" అన్నాడు.

పొడి ఇచ్చాడు. రోజూ తేనెలో కలిపి నా చేత్తోనే పెట్టాను. పద్నాలుగు నెలలు. చివర్లో నీళ్ళు కూడా దిగలేదు. దూది తడిపి పెదాలు తుడిచేవాణ్ణి.

మొన్న ఆదివారం మోకాలు చూపించుకోవడానికి అదే ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద కూర్చుంటే, తెరిచిన తలుపులోంచి అదే డాక్టరమ్మ గొంతు.

"అదృష్టవంతుడివి పెద్దాయనా. వారం కిందట గీకింది మొత్తం వచ్చేసింది, లోతుకి దిగలేదు. లోపల ఇంకా పచ్చిపుండే. రెండు వారాలు వేడిది ముట్టకు. ఆ తర్వాత కూడా మీవాళ్ళ మరిగే చాయ్ మానెయ్."

గొర్రెతోలు టోపీ కళ్ళదాకా లాక్కుని కకాబాయ్ బయటికొచ్చాడు. నన్ను చూడలేదు.

ఊరికొస్తే పక్కింటి సపర్ ఎదురయ్యాడు. అతని కోడలికీ తొలిదశేనన్నారట. కకాబాయ్ ఆసుపత్రి వద్దన్నాడట. నిన్ననే పొడి ఇచ్చాడట.

అక్కడే చెప్పెయ్యొచ్చు. కానీ నా మాటని కకాబాయ్ ఒక్క నవ్వుతో ఊదేస్తాడు. అది అతని నోటే రావాలి. తాగితే పచ్చిపుండు కాలుతుంది. తాగకపోతే ఎందుకు తాగలేదో చెప్పాలి. రెండూ నాకు సమ్మతమే.

శుక్రవారం నమాజయ్యాక ఆరుగురు వచ్చారు. మాలో ఎవరి చాయ్ కూజా వాళ్ళకే పెడతాం, చిన్న గిన్నెల్లో పోసుకుని తాగుతాం. కకాబాయ్ కూజా మాత్రం నీళ్ళు కాగే సమోవార్ బుసకొడుతుండగా నింపాను. ఆకు రంగు దిగాలని గిన్నెలో పోసి తిరిగి కూజాలో ఒంపాను, మూడుసార్లు. నాలుగోసారి గిన్నె నింపి అతని ముందు పెట్టాను.

అందరూ జుర్రుకుంటున్నారు. అతను టోపీ సర్దుకుంటున్నాడు.

"ఏం బావా, చల్లారుతోంది. చల్లని చాయ్ ఒంటె ఉచ్చతో సమానమని నువ్వేగా అనేవాడివి?"

అందరూ నవ్వారు.

"కడుపు బాలేదు," అన్నాడు.

"వైద్యుడికే కడుపునొప్పా!" అన్నాడు సపర్. "నీ పొడే ఓ చెంచా వేసుకో అన్నా."

మళ్ళీ నవ్వారు. గిన్నెలోది కిందికి ఒంపేసి మళ్ళీ పొగలు కక్కేది పోశాను. "నా ఇంట్లో నా చేత్తో పోసింది తాగవా? మీ చెల్లెలు నువ్విచ్చింది ఏదీ వద్దనలేదే."

కకాబాయ్ గిన్నె ఎత్తాడు. పెదాలదాకా తెచ్చాడు. ఆవిరి గడ్డంలోకి పోతోంది. చాయ్ వేళ్ళ మీద ఒలికింది. తాగు, తాగు అని లోపల అంటూనే ఉన్నాను.

దించేశాడు. "డాక్టరమ్మ వద్దంది," అన్నాడు.

సపర్ నవ్వు ఆగిపోయింది. "ఏ డాక్టరమ్మ?"

"చెప్పు బావా," అన్నాను. "నీ గొట్టం గీకిన డాక్టరమ్మ. మీ చెల్లెలికీ గీకుతానన్న డాక్టరమ్మ."

"అప్పుడు నాకు తెలీదు, తువాక్ బావా. చెల్లెలు పోవడం చూశాకే భయమేసింది."

"మరి భయమేసినవాడివి సపర్ కోడలికి పొడెందుకిచ్చావ్?"

సపర్ కోటు జేబులోంచి కోడలికిచ్చిన పొడి పొట్లం తీశాడు. విప్పి కకాబాయ్ గిన్నెలో గుమ్మరించాడు. లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి అతని బండి చప్పుడు, కోడల్ని కేకేసిన చప్పుడు వినిపించాయి. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు.

ఇద్దరమే మిగిలాం.

"గొంతెండిపోతోంది బావా. కాసిన్ని చల్లనీళ్ళియ్యి."

"ఒగుల్‌బేకె కూడా అడిగింది. ఇచ్చాను. దిగలేదు."

పొడి తేలుతున్న గిన్నె పారబోసి, కడిగి, మళ్ళీ వేడి చాయ్ పోసి ముందుంచాను. చల్లారేదాకా అతను చూస్తూ కూర్చున్నాడు. చల్లారగానే ఒంపేసి మళ్ళీ పోశాను. నీళ్ళు మాత్రం ఇవ్వలేదు.

వచ్చే శుక్రవారం కూడా పిలుస్తాను. రాకపోతే కూజా పట్టుకుని నేనే వెళ్తాను.