రేవులో కరిగిన సీసం

మా మనవరాలు దుర్గాభవాని ఏలూరులో ఉంటూ కొల్లేటి బురదలో, చేపల్లో విషపు లోహాలు ఎంతున్నాయో పరిశోధిస్తోంది. పోయిన నెల మా లంక చుట్టూ దోనెలో తిరిగి, సీసాల్లో బురద పట్టుకెళ్ళింది. మొన్న దిగాలుగా వచ్చింది.

"మన రేవులో ఒక్కచోటే సీసం బాగా ఎక్కువుంది అమ్మమ్మా. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేకపోతే మా సార్ దీన్ని పక్కన పెట్టేయమంటారు. రెండేళ్ళ కష్టం."

"కాలవలోంచి కొట్టుకొచ్చిందని రాసెయ్యి. ఊరంతా అదే అంటున్నారు కదా."

"కాలవ నీళ్ళూ చూశాను. అందులో లేదు. లేనిది ఉందని ఎలా రాయను?"

తెల్లారి ఇద్దరం దోనె ఎక్కాం. మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. నీళ్ళ మీది గూడబాతులు గాల్లో కూర్చున్నట్టున్నాయి. రేవు దగ్గరికి వచ్చేసరికి, పోయి తొమ్మిదేళ్ళయిన మా ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని కనిపించాడు. పొయ్యి మీద ఇనప గరిట, అందులో కరిగిన సీసం, చందమామ ముక్కలా వణుకుతూ. మట్టి అచ్చుల్లో పోసి, వేడివేడి గుళ్ళను రేవులో ముంచేవాడు. నీళ్ళు చుయ్యిమనేవి. ఒలికినదీ పగిలినదీ కాలితో నీళ్ళలోకి తోసేసేవాడు. చుట్టుపక్కల లంకలన్నిటి వలలకూ ఆ గుళ్ళే బరువు. నలభై ఏళ్ళు.

చెబితే ఆయన పేరుకు మచ్చ. చెప్పకపోతే పిల్ల చదువుకు దెబ్బ. తెడ్డు ఆపేశాను.

"భవానీ, ఆ సీసం మీ తాతయ్యదే." అంతా చెప్పాను.

అది రేవు నీళ్ళలోకి వంగి చూసింది. "నలభై ఏళ్ళూ, రోజూనా?"

"వానొస్తే పొయ్యెక్కడ వెలుగుద్దే?"

నవ్వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "ఆ గుళ్ళు ఏమన్నా మిగిలాయా? బురదలో సీసంతో పోల్చి చూడాలి."

మిగిలాయి. ఇంటి చూరుకు వేలాడే విసురు వలకు ఉన్నాయి. ఆయన పోయాక దాన్నెవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇంటికొచ్చి, కత్తిపీట ముందేసుకుని, వల నుంచి ఒక్కొక్క గుండూ కోసి భవాని సీసాలో వేశాను.

"తాతయ్య పేరు రాయను అమ్మమ్మా."

"రాయి. తెలియక చేశాడని కూడా రాయి."

వలను మళ్ళీ చూరుకు తగిలించాను. ఇన్నాళ్ళూ కదలకుండా వేలాడిన వల, ఆ పూట కొల్లేటి గాలికి పొగమంచులా పైకి లేచింది.