పుష్పకి నేను కట్టిన టోగా

అయిదో తరగతికి రోమన్ల పాఠం ఎవడు పెట్టాడో గానీ, వాడు కనబడితే నాలుగు దులిపెయ్యాలని ఉంది. సింధియా దగ్గర ఒక ప్రైవేటు బడిలో నేను సోషల్ టీచర్ని. ఈ ఏడు ఏదో కంపెనీవాళ్ళు కొత్త పుస్తకాలు పంపారు. తెరవగానే ప్రాచీన రోమ్! పటంలో మన ఊరు చూపించమంటే సముద్రంలో వేలు పెట్టే పిల్లలకి రోమ్ ఎలా చెప్పను? అయినా చెప్పాను. తీరా చూస్తే వాళ్ళకి నాకంటే బాగా పట్టుకుంది.

అందరికంటే పుష్పకి. యారాడ పిల్ల. తండ్రి జగ్గారావు ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకి వెళతాడు. వెళితే పది పన్నెండు రోజులు రాడు. రోమ్ వర్తకులు మన దేశానికి కూడా ఓడల్లో వచ్చేవారని, వాళ్ళ నాణేలు ఆంధ్రలో దొరికాయని చెప్పగానే పుష్ప చెయ్యెత్తింది.

"డీజిల్ లేకండా ఎలాగొచ్చేరు టీచర్?"

"గాలివాటున, తెరచాపలతో."

"గాలి పడిపోతే?"

"మళ్ళీ వీచేదాకా ఆగేవాళ్ళు."

"ఆగేరని ఆల ఇంటికాడోల్లకి ఎవులు సెప్తారు టీచర్?"

అది పుస్తకంలో లేదు. కూర్చోమన్నాను.

పాఠం అక్కడితో ఆగితే బాగుండేది. మా కరస్పాండెంటు కామరాజు గారికి బుర్రలో పురుగు తొలిచింది. గురువారం రోమన్ డే చేద్దాం, తల్లిదండ్రుల్ని పిలుద్దాం అన్నారు. సగం మందికి అట్టలతో కవచాలు, మిగతావాళ్ళకి తెల్ల దుప్పటి. దాన్నే భుజం మీంచి తిప్పి చుడితే టోగా. పుష్ప స్టేజీ మీద రోమన్ల రేవుల గురించి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు చెప్పాలి. వారం రోజులు దాని చేత వల్లె వేయించాను.

గురువారం పొద్దున్న పుష్ప యూనిఫాంలోనే వచ్చింది.

"దుప్పటేదీ?" అన్నాను.

"అమ్మ ఇయ్యనన్నాది టీచర్."

"ఎందుకు?"

నేల చూసింది. ఇంట్లో తెల్లది లేదేమో, చెప్పడానికి నామోషీ అనుకున్నాను. ఎవరో ఒకరు మరిచిపోయి వస్తారని మా ఆయన కొత్త పంచె ఒకటి తెచ్చి ఉంచాను. అది తీశాను. నా ముందుచూపు చూసి నేనే మురిసిపోయాను కూడా.

"వద్దు టీచర్" అంది పుష్ప.

"సిగ్గా?"

"కాదు టీచర్."

"మరేంటి? నోరు విప్పి చెప్పు!"

చెప్పలేదు. హాల్లో కుర్చీలు నిండిపోతున్నాయి, కామరాజు గారు వాచీ చూసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. "అందరూ కట్టుకోలేదూ? నీకొక్కదానికే వచ్చిందా? ఎత్తు చేతులు!" అని కసిరి పంచె చుట్టేశాను. చుట్టినంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది.

ఐదు వాక్యాలూ తడుముకోకుండా చెప్పింది. చప్పట్లు కొడుతుండగా వాళ్ళమ్మ గౌరీశ్వరి ఆలస్యంగా లోపలికొచ్చింది. కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తరవాత కుర్చీల మధ్య నుంచి నడిచి స్టేజీ ఎక్కి, పంచె మొత్తం విప్పి, నా కాళ్ళ దగ్గర పడేసి పిల్లని చెయ్యి పట్టి లాక్కుపోయింది. అదీ నాటకంలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

నేను వరండాలోకి పరిగెత్తాను. "ఏంటమ్మా ఇది? అంతమందిలో..."

"నా మొగుడు నీటి మీదున్నాడు టీచరమ్మా" అంది గౌరీశ్వరి. గొంతు పెంచలేదు. "ఆడింకా ఒడ్డెక్కనేదు. మీరు నా గుంటకి తెల్లగుడ్డ సుట్టేరు."

"పిల్ల నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఎలాగ సెప్తాది? ఆల నాన్న ఏటలో ఉండగా ఆ మాట నోటంట రాకూడదని నానే సెప్పేను."

తండ్రి పోయిన ఇంట్లో కనబడే తెల్లగుడ్డ. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ చావు మాట పైకి అనాలి. అనలేకే అది నేల చూసింది. నేను కసిరాను.

శుక్రవారం రాత్రి వాయుగుండం పట్టింది. హెచ్చరిక విని బోట్లన్నీ ఒకటొకటిగా తిరిగొచ్చాయి. జగ్గారావుతో కలిపి ఆరుగురు వెళ్ళిన బోటు రాలేదు. ఫోన్లు పలకడం లేదు. సోమవారం పుష్ప బడికి రాలేదు, మంగళవారమూ రాలేదు. నేను బీఎడ్ చదివినదాన్ని. పంచెకీ వాయుగుండానికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? మూడు రాత్రులు కన్ను మూతపడలేదు.

మంగళవారం బడి అవగానే ఆటో మాట్లాడుకుని కొండ దాటి యారాడ వెళ్ళాను. గౌరీశ్వరి ఒడ్డున ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. పుష్ప దూరంగా, ఒక్కతీ, వలల కుప్ప మీద కూర్చుంది. దాని దగ్గరికి ఎవరూ వెళ్ళడం లేదు.

గౌరీశ్వరి ముందు ఇసకలో కూలబడ్డాను. "తప్పు నాదమ్మా. అది వద్దంది. నేనే బలవంతాన కట్టాను. నన్ను తిట్టు, నన్ను కొట్టు. దాన్నేం అనకు."

"ఏటీ అన్నేదు టీచరమ్మా. దాని తప్పు నేదని నాకు తెల్దా?" అంది సముద్రం వైపే చూస్తూ. "తెల్సినా, దాని మొకం సూత్తే నాకు ఆ గుడ్డే అవుపడతంది. అన్నం ఎడదారంటే సెయ్యి రాటం నేదు. ఏటి సెయ్యమంటారు?"

నేను వలల కుప్ప వైపు చూశాను.

"ఆల నాన్నొచ్చీదాకా మీకాడే ఉంచుకోండి" అంది. కూతురి వైపు తిరిగి చూడలేదు.

పుష్ప రెండు జతల బట్టలు బడిసంచీలో కుక్కుకుని వచ్చింది. సింధియాలో మా ఇంటికి గాజువాక బస్సెక్కాం. కిటికీ పక్క సీటిచ్చాను. తినడానికి ఏమైనా కొంటానంటే వద్దంది.

"టీచర్, నాన్న రాపోతే అమ్మ నాతో ఇంక మాటాడదా?"

వస్తాడు, మాట్లాడుతుంది అనాలి. నోటిదాకా వచ్చింది. ఎవరి తరపున చెప్పను? "నాకు తెలీదమ్మా" అన్నాను.

పుష్ప బడిసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"నాను వద్దన్నానని అమ్మకి సెప్పేరా టీచర్?"

"చెప్పాను తల్లీ. ఇందాకే చెప్పాను."

"మల్లీ సెప్పండి" అంది.