మందులాయన చిక్కుడు పాదు

వీధిలో అందరూ అతన్ని మందులాయన అనే పిలిచేవారు. వైద్యుడనుకునేరు, అతను కొట్టేది బొద్దింకల మందు. వీపున పంపు తగిలించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఇంటింటికీ తిరిగి బొద్దింకల్నీ నల్లుల్నీ చెదల్నీ చంపడం అతని ఉద్యోగం. అతను ఒకసారి వచ్చి వెళ్ళిన వంటింట్లో బొద్దింక కాదు కదా, దాని నీడ కూడా కనిపించదని చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే అతనికి కడుపు నిండిపోయేది.

అలాంటి మనిషిని సొంత పెరట్లో మందు ముట్టుకోవద్దన్నారు.

భార్య నెల తప్పినప్పుడు డాక్టరమ్మ అతని ఉద్యోగమేమిటో అడిగి తెలుసుకుని కాస్త గట్టిగానే చెప్పింది. ఆ డబ్బాలు ఇంట్లో ఉండకూడదు, పనిబట్టలు గుమ్మం దాటి రాకూడదు, తినే మొక్కల మీద చుక్క కూడా పడకూడదు. అతను కిక్కురుమనకుండా సామానంతా కంపెనీ షెడ్డుకు చేర్చాడు. పని అయ్యాక అక్కడే స్నానం చేసి ఇంటికి వచ్చేవాడు. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా చిక్కుడుతోనే వచ్చింది.

పెరడంటే పెద్దదేమీ కాదు. బట్టలుతికే బండకీ వెనక గోడకీ మధ్య నాలుగు మంచాలు పట్టేంత నేల. తన చేత్తో కోసిన కూర తినాలని భార్యకు మనసైంది. చెప్పిందే తడవుగా అతను నడి ఎండాకాలంలో టమాటా నారు తెచ్చి నాటేశాడు. పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. కూతురికి తోడుగా వచ్చి ఉంటున్న అత్తగారు ముందే చెప్పి చూసింది.

"ఇంత వేడికి పూత నిలవదు బాబూ. వానలు పడనివ్వండి, చిక్కుడు పెట్టుకుందాం. ఈలోగా మట్టి తయారు చేస్తే సరి."

"మట్టిని తయారు చేసేదేముంది అత్తయ్యా, మట్టి మట్టే కదా."

ఆవిడ గోడ పక్కన గుంట తవ్వించి, వంటింటి తొక్కలూ ఎండుటాకులూ అందులో వేసి కప్పిపెట్టింది. తొలి వానలకు అదంతా నల్లగా మెత్తబడ్డాక తీగ చిక్కుడు విత్తనాలు పెట్టించి, పైన పందిరి వేయించింది. గట్టు పొడవునా బంతి మొక్కలు నాటించింది. వానలు తగ్గి గాలి చల్లబడేసరికి పాదులు పందిరంతా అల్లుకున్నాయి. భార్య రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని దాని కింద నిలబడేది.

పూత మొదలైన వారంలోనే లేత చివుళ్ళకు పేనుబంక పట్టింది. నల్లగా, ఆవాలు అతికించినట్టు, వేలకు వేలు. రసం పీల్చేస్తుంటే ఆకులు ముడుచుకుపోయాయి. అతనికి చేతులు దురద పెట్టాయి.

"ఒక్క పిచికారీ," అన్నాడు భార్యతో. "రేపటికి ఒక్కటి మిగిలినా నా పేరు మార్చుకుంటా."

"నిన్ను ఎటూ ఎవరూ పేరు పెట్టి పిలవట్లేదు కదా," అంది ఆమె. "వద్దన్నారుగా. సబ్బునీళ్ళు కొట్టు."

"సబ్బునీళ్ళా? నేనా? నలుగురికీ తెలిస్తే తలెత్తుకోగలనా?"

"పెరటి గోడ ఎత్తుగానే ఉంది. ఎవరూ చూడరులే."

ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. బట్టలు తడిపే చిన్న సీసా ఇచ్చింది. అది చేతిలో పట్టుకున్నప్పుడు మందులాయనకు తన మీద తనకే జాలేసింది. అయినా పనిమంతుడు కదా, ఆకుల అడుగుభాగం వెతికి వెతికి కొట్టాడు. చాలామటుకు చచ్చాయి. నాలుగు రోజులకు మళ్ళీ పట్టాయి.

అప్పుడు చీమల బారు కనిపించింది. చీమల సంగతి అతనికి కొట్టిన పిండి. అవి పేనుబంకను తినడానికి రావడం లేదు. దాని ఒంట్లోంచి కారే తీపి నీటి కోసం కాపలా కాస్తున్నాయి. అతను పాత గుడ్డపీలికలకు గ్రీజు పూసి పందిరి గుంజలకూ పాదు మొదళ్ళకూ చుట్టాడు. చీమలు కిందనే ఆగిపోయాయి. అత్తగారు వంగి చూసి, "ఇది నాకు తట్టలేదు సుమా," అంది. అతను ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు చివుళ్ళ మధ్య కొత్త పురుగులు కనిపించాయి. పొడుగ్గా, నల్లగా, ఒంటినిండా ముళ్ళతో, నారింజరంగు మచ్చలతో మొసలి పిల్లల్లా ఉన్నాయి. అసలు దొంగలు ఇవేనన్నమాట అనుకుని సాయంత్రమంతా కూర్చుని దొరికినదాన్ని దొరికినట్టు వేళ్ళతో నలిపేశాడు. అత్తగారు కూడా, "ఎప్పుడూ చూడలేదు బాబూ. మొహాలు మాత్రం మంచివాటిలా లేవు," అంది.

వారం తిరిగేసరికి పేనుబంక రెండింతలైంది. ఒక పాదు పూత మాడిపోయింది. భార్య కాఫీ వంటింట్లోనే తాగడం మొదలుపెట్టింది. అది అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

తల్లీకూతుళ్ళు ఆస్పత్రికి వెళ్ళిన రోజున అతను సెలవు పెట్టి, షెడ్డుకు వెళ్ళి, పంపు బండి వెనక కట్టుకుని తెచ్చాడు. చిక్కుళ్ళు కోతకు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి, ఈలోగా ఒకసారి కొడితే ఎవరికి తెలుస్తుంది అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పంపు ఇంకా బండి మీద ఉండగానే, ఎక్కడ ఎక్కువుందో చూసుకుందామని పందిరి కిందికి వెళ్ళి ఒక ఆకు తిప్పాడు.

ఆకు అడుగున, నలపగా మిగిలిన ముళ్ళ పురుగు ఒకటి ఉంది. దాని నోట్లో పేనుబంక ఒకటి కాళ్ళు కొట్టుకుంటోంది. అతను చూస్తుండగానే దాన్ని పీల్చి పిప్పి చేసి, తొక్క వదిలేసి, పక్కదాన్ని పట్టుకుంది. తర్వాత ఇంకోదాన్ని. ఇన్నేళ్ళుగా పురుగులతోనే బతికినా, బతికున్న పురుగును నిలబడి చూడటం అతనికి అదే మొదలు. తన వేళ్ళు చూసుకున్నాడు. తాను చేయలేని పని చేసిపెడుతున్నవాటిని ఓ సాయంత్రమంతా కూర్చుని చంపాడు.

వెనక గేటు చప్పుడైంది. డాక్టరమ్మ ఆ రోజు త్వరగా పంపించేసింది. భార్య బండి దగ్గరే ఆగిపోయింది.

"కొట్టావా?"

"లేదు."

"తెచ్చావా లేదా?"

"తెచ్చాను. కొడదామనే తెచ్చాను," అన్నాడు.

అత్తగారు కూతురి భుజం పట్టుకుంది. "అబద్ధం చెప్పలేదు కాబట్టి సరిపోయింది," అంది భార్య. "ముందు దాన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళు."

షెడ్డులో పంపు పెట్టి, స్నానం చేసి వచ్చాక ఆమెను పందిరి దగ్గరికి పిలిచాడు. ఆమె కోపం తగ్గకుండానే వచ్చింది. అతను ఆకు తిప్పి చూపించాడు. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చూశారు.

"ఎంత ఆకలో దీనికి," అంది భార్య. "కడుపుతో ఉన్న నన్నే మించిపోయింది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ తర్వాత సబ్బునీళ్ళు కూడా మానేశారు. మరీ ఎక్కువ పట్టిన కొసలు తుంచి పారేశారు, మిగతా ఆకులను మంచినీళ్ళతో కడిగారు. ముళ్ళ పురుగులు బంతి ఆకుల మీదికీ చేరి, అక్కడక్కడా ముడుచుకుని ఆకుకు అతుక్కుపోయి గట్టిపడ్డాయి. ఒక ఉదయం అలాంటి ఒక తొక్క చీల్చుకుని అక్షింతల పురుగు బయటికి వచ్చి, కాసేపటికి ఎర్రబడింది, ఒంటిమీద నల్లచుక్కలతో.

"ఇదా," అంది అత్తగారు. "చిన్నప్పుడు అరచేతుల మీద ఆడించేవాళ్ళం. దీని పిల్లలు అంత వికారంగా ఉంటాయని ఎవరికి తెలుసు?"

మాడిన పాదు మళ్ళీ లేవలేదు. మిగతావి మాత్రం విరగకాశాయి. భార్య ఎనిమిదో నెలలో స్టూలు మీద కూర్చుని అందినంత కోసింది, అందనివి అతని చేత కోయించింది. పక్కింటికి పంపగా కూడా బుట్టలో మిగిలాయి.

చెదలకూ నల్లులకూ అతను ఇప్పటికీ మందు కొడుతూనే ఉన్నాడు. ఇల్లు గడవాలి కదా. అయితే ఒకావిడ పనిలో పనిగా బాల్కనీలో గులాబీలకు కూడా కొట్టమన్నప్పుడు పంపు దించి, ముందు ఆకులు తిప్పి చూశాడు. "వీటికి నేను అక్కర్లేదమ్మా. నీళ్ళతో గట్టిగా కడగండి. వారం ఆగి చూడండి," అన్నాడు.

"మందు కొట్టేవాళ్ళు ఇలా చెప్పడం నేనెక్కడా వినలేదు," అందావిడ.

"మా మేనేజరుకు మాత్రం చెప్పకండి," అన్నాడు.

చలి ముదిరేలోగా వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. చలి వెళ్ళి ఎండలు కాస్త పెరిగాక, ఒక ఆదివారం అతను ఎండిన చిక్కుడు తీగలు పీకి, ఆ చోటంతా తవ్వి, బెండ విత్తనాలు పెట్టడానికి కూర్చున్నాడు. భార్య పాపను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో లేత ఎండకు కూర్చుంది. అత్తగారు వెనకనుంచి తొంగిచూసింది.

"లోతు ఎక్కువైంది బాబూ."

అతను విత్తనాన్ని పైకి తీసి, మట్టి సర్ది, మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాగుంది," అందావిడ.