లీడ్స్ వెల్డర్‌కి జ్వరం

నరసింహ సోమవారం పొద్దున ఎనిమిదింటి కాల్‌లో కూలిపోయాడు. నూట మూడు జ్వరం. కుర్చీలోంచి జారి టేబుల్ కింద వైర్ల మధ్య పడ్డాడు. పడబోయే ముందు చెయ్యి చాచి మ్యూట్ నొక్కాడు. అంత క్రమశిక్షణ గల మనిషి. లండన్ వాళ్ళకి ఏమీ వినిపించలేదు.

అప్పుడు అతను చదువుతున్న వాక్యం ఇది: ‘ఉద్యోగికి జ్వరమొస్తే మొదటి రోజు నుంచే సిక్ పే. ఫలితం: పాస్.’

పక్క కుర్చీలోంచి శ్రీవిద్య చూసింది. ఆమెకి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడంలో ఆమెకి నాలుగేళ్ళ అనుభవం ఉంది. కిందటేడు ఆఫీసులో ఫైర్ అలారం మోగితే, బగ్ రిపోర్టు సేవ్ చేసి, టిఫిన్ బాక్స్ కడుక్కుని, మూత బిగించి, అప్పుడు కిందికి దిగింది.

“పడ్డాడా?” అన్నాడు టీమ్ లీడ్ జగదీష్, స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండా.

“పడ్డాడు.”

“మ్యూట్‌లోనే ఉన్నాడుగా?”

“ఆఁ.”

“హమ్మయ్య.”

అమెరికాలోని హెర్న్‌డన్‌లో, ఎయిర్‌పోర్ట్ విమానాలు కిటికీ అద్దాలు వణికించే రెండో అంతస్తులో, తొమ్మిదిమంది టెస్టర్లు పనిచేస్తారు. బ్రిటన్ కంపెనీలు జీతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం వాళ్ళ పని. అక్కడ చట్టం మారింది. ఇదివరకు జబ్బుపడితే మొదటి మూడు రోజులు సిక్ పే వచ్చేది కాదు. ఏప్రిల్ ఆరు నుంచి మొదటి రోజే వస్తుంది. అక్కడి కార్మికులు ఏళ్ళ తరబడి అడిగి, అరిచి, తెచ్చుకున్న రూల్. ఆ రూల్ సరిగ్గా పనిచేస్తోందని సంతకం పెట్టాల్సిన తొమ్మిదిమందికీ సిక్ లీవే లేదు.

లేకపోవడానికి కారణం కూడా బ్రిటన్‌లోనే ఉంది. కిందటేడు అక్కడి యజమానులు ఒక్కో ఉద్యోగి మీద కట్టాల్సిన పన్ను పెరిగింది. లండన్ క్లయింటు, ఆ భారం మేం మొయ్యలేం, రేటు తగ్గించండి అంది. ఈ తొమ్మిదిమందీ పనిచేసే ‘మనవాళ్ళు కన్సల్టింగ్’ యజమాని రాఘవులు వెంటనే తగ్గించాడు. తన జేబు తగ్గించుకోలేదు. స్టాఫ్‌కున్న అయిదు రోజుల సిక్ లీవు తీసేశాడు. అలా ఎక్కడో ఇంగ్లండ్‌లో వేసిన పన్ను సముద్రం ఈదుకుంటూ వచ్చి, హెర్న్‌డన్‌లో తొమ్మిదిమంది జ్వరాల్లో దూరింది.

సిక్ లీవు తీసేసిన రోజున రాఘవులు అందరికీ పూతరేకులు పంచాడు. “చూడండమ్మా, మనం కంపెనీ కాదు, ఫ్యామిలీ. ఎక్కడన్నా ఫ్యామిలీలో సిక్ లీవు ఉంటదా?” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పూతరేకులు నోట్లో ఉన్నాయి.

ఇప్పుడు రాఘవులు కబురందుకుని వచ్చి, టేబుల్ కిందికి వంగి చూశాడు. “ఏరా నరసింహా, ఏందిది? ఫ్రైడే సైన్ ఆఫ్ పెట్టుకుని.”

“ఏం లేదన్నా. జెర కండ్లు తిరిగినయ్,” అన్నాడు నరసింహ కిందనుంచే.

“డోలో వేసుకో. మన డోలోనే, ఇండియాది. రెండు వేసుకుంటే లంచ్‌కల్లా లేడిపిల్లలా గెంతుతావ్.”

నరసింహ రెండూ వేసుకున్నాడు. లంచ్‌కల్లా రెండోసారి పడ్డాడు. ఈసారి జగదీష్ కారులో ఇంటికి దింపి వచ్చాడు. ఇంట్లో ఏడో నెల కడుపుతో ఉన్న అతని భార్య అవని తలుపు తీసింది.

మూడు రోజులు నరసింహ రాలేదు. మూడో రోజు, గురువారం పొద్దున, అతనికి మెయిల్ వెళ్ళింది. చెప్పకుండా పని మానేశావు కాబట్టి ఉద్యోగం లేదు. ఉద్యోగం పోతే వీసా మీద ఉన్నవాడికి అరవై రోజులు. ఆ లోపల ఇంకో ఉద్యోగమన్నా దొరకాలి, దేశమన్నా విడవాలి. ఆసుపత్రి ఖర్చులిచ్చే ఇన్సూరెన్స్ మాత్రం నెలాఖరుకే ఆఖరు. అవనికి నెలలు నిండేది మే నెలలో.

“ఆడి పేరు సిస్టమ్‌లో ఎక్కడా కనపడకూడదు,” అని జగదీష్‌కి చెప్పాడు రాఘవులు.

జగదీష్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. గ్రీన్ కార్డు లైన్లో పదమూడేళ్ళుగా నిలబడి ఉన్నాడు, లైన్లో నిలబడ్డవాడు అటూ ఇటూ చూడడు. ఎక్కడా అన్నారు కాబట్టి ఎక్కడా లేకుండా తీసేశాడు.

అక్కడే పొరపాటు జరిగింది. ఆ టీమ్‌కి ఒక అలవాటు ఉంది. పరీక్ష కోసం దొంగ ఉద్యోగుల పేర్లు కొనడానికి రాఘవులు డబ్బివ్వలేదు. అందుకని తమ పేర్లే పెట్టుకున్నారు. సిస్టమ్‌లో జగదీష్ హల్ ఊళ్ళో బస్సు డ్రైవరు. శ్రీవిద్య కార్డిఫ్‌లో నర్సు. నరసింహ లీడ్స్‌లో వెల్డరు. సిక్ పే టెస్టులన్నీ వెల్డర్ మీదే నడిచాయి. నాలుగు నెలల్లో అతనికి నూట తొంభై సార్లు జ్వరమొచ్చింది, ప్రతిసారీ జీతం పడింది. రెండుసార్లు కవలల్ని కని లీవు తీసుకున్నాడు. ఒకసారి చనిపోయి, పై సోమవారం డ్యూటీకి వచ్చాడు. అప్పుడు కూడా ఎవరూ మెయిల్ పంపలేదు.

వెల్డర్ పోయాడు. పది నిమిషాల్లో రెండొందల పన్నెండు టెస్టులు ఫెయిలై ఎర్రబడ్డాయి. గోడ మీది పెద్ద స్క్రీన్ కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లా తయారైంది.

“అయ్యో,” అన్నాడు జగదీష్. పదమూడేళ్ళలో అతను సొంతంగా అన్న మొదటి మాట అదే కావచ్చు.

రాఘవులు పరిగెత్తుకొచ్చాడు. “ఇంకో పేరు పెట్టండ్రా. జాన్ స్మిత్ అని పెట్టండి.”

“పేరు పెడితే చాలదన్నా. నాలుగు నెలల జ్వరాలు మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాలి. ఎనిమిదిమందీ కూర్చుంటే రేపు కాల్ టైమ్‌కి అవుద్ది,” అన్నాడు జగదీష్.

“అయితే కూర్చోండి.”

శ్రీవిద్య స్క్రీన్ వైపు చూసింది. పేరొక్కటి తీస్తేనే ఇన్ని ఆగిపోయాయి. ఆమెకి కోపం రాలేదు. లెక్క తేలిందంతే.

“లంచ్ చేసొస్తాం,” అంది.

ఎనిమిదిమందీ పార్కింగ్‌లో ఉన్న జగదీష్ మినీవ్యాన్‌లో ఇరుక్కున్నారు. చైల్డ్ సీటులో కూర్చున్నది నిధి. ఇక్కడే న్యూజెర్సీలో పుట్టింది, ఇరవై మూడేళ్ళు, అందరికంటే కొత్త. ముప్ఫై రెండేళ్ళ శ్రీవిద్యని ఆంటీ అని పిలుస్తుంది. దానికి కూడా శ్రీవిద్యకి ఏమీ అనిపించదు.

“ఆ జాన్ స్మిత్‌ని మనం ఎక్కించకూడదు,” అంది శ్రీవిద్య. “రేపు సైన్ ఆఫ్ కూడా పెట్టకూడదు. నరసింహ వచ్చేదాకా.”

వ్యాన్‌లో ఎవరో చిప్స్ ప్యాకెట్ విప్పి, మళ్ళీ మూసేశారు.

“ఏం మాట్లాడుతున్నావమ్మా?” అన్నాడు జగదీష్. “నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. ఒక్క మెయిల్ కొడతాడు, అరవై రోజులు. నీకేం, ఒక్కదానివి.”

“ఒక్కదాన్నైతే నూట ఇరవై రోజులిస్తారా అన్నా?”

వెనక సీట్లోంచి చైతన్య అన్నాడు, “అది కాదు, నరసింహ కూడా ఒక మెయిల్ పెట్టి పడుకోవాల్సింది కదా. తప్పు ఆడిదీ ఉంది.”

“టేబుల్ కింద పడ్డోడు మెయిలెట్లా పెడ్తడు? కాళ్ళతోనా?” ముందు సీట్లోంచి ఎవరో కసిరారు.

“నేను ఒకటి చెప్పచ్చా?” అంది నిధి. “ఒక్కళ్ళు అడిగితే అది కంప్లైంట్. ఇద్దరు కలిసి అడిగితే, దానికో లా ఉంది. ప్రొటెక్షన్ ఉంటుంది. వీసా ఉన్నా సేమ్. నేను కాలేజ్‌లో కాఫీ షాప్‌లో వర్క్ చేసినప్పుడు మేం చేశాం.”

“చేస్తే ఏమైంది?”

“ఫైర్ చేసేశారు.”

చైతన్య తలుపు వైపు చూశాడు.

“తర్వాత తీసుకున్నారు,” అంది నిధి. “లెవెన్ మంత్స్ పట్టింది. బట్ బ్యాక్ పే ఇచ్చారు!”

“పదకొండు నెలలు,” అన్నాడు జగదీష్. “మాకున్నది రెండమ్మా. నీకు అమెరికా పాస్‌పోర్ట్ ఉంది, నువ్వు ఎన్నైనా చెప్తావ్.”

“నాకు ఉంది అంకుల్. అందుకే నేను ఫస్ట్ చెప్తాను. ఆయన నన్ను ఎక్కడికి పంపిస్తారు? న్యూజెర్సీకా?”

ఎవరో నవ్వారు. శ్రీవిద్య నవ్వలేదు. “బ్రిటన్‌లో వెల్డర్‌కి జ్వరమొస్తే మొదటి రోజే జీతమివ్వాలని మనం నూట తొంభై సార్లు పాస్ చేశాం. మనిషి కింద పడితే మ్యూట్‌లో ఉన్నాడా అని అడిగాం. రేపు నేను పడతాను. మీరు ముందు మ్యూటే చూస్తారు. నేనూ అదే చూస్తాను. తప్పు పట్టట్లేదు, మనం అలా తయారయ్యాం.”

జగదీష్ స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు. వ్యాన్ కదలడం లేదు గానీ పట్టుకున్నాడు. “అడిగింది నేనే,” అన్నాడు. “మ్యూట్ సంగతి.”

శుక్రవారం ఎనిమిదింటి కాల్‌కి రాఘవులు, జాన్ స్మిత్ ఎక్కేశాడన్న నమ్మకంతో, కొత్త కోటు వేసుకుని స్వయంగా వచ్చి కూర్చున్నాడు. లండన్ నుంచి క్లయింటు తరఫున హెలెన్ స్క్రీన్ మీదికొచ్చింది. ఆమె వెనక వాన పడుతోంది. ఒక్కొక్కరినే పిలిచి, సిక్ పే టెస్టులకి సంతకం పెడుతున్నారా అని అడగడం పద్ధతి.

ముందు నిధిని పిలిచింది.

“నో,” అంది నిధి. ఇంగ్లీషులోనే వివరంగా చెప్పింది. ఈ టెస్టులు చేసినతనికి జ్వరమొచ్చింది. మూడు రోజులు పడుకున్నందుకు తీసేశారు. అతను తిరిగి వచ్చేదాకా మేమెవరం సంతకం పెట్టం.

రాఘవులు చటాక్కున మ్యూట్ నొక్కాడు. ఆ ఆఫీసులో అందరి చేతులూ ముందు దాని మీదికే వెళ్తాయి.

“ఏందమ్మా ఇది? పరాయిదాని ముందు పరువు తీస్తారా? అడ్వాన్సులిచ్చా, వీసాలేయించా, మీ పెళ్ళిళ్ళకొచ్చా. ఒక్క మెయిలు, ఒకే ఒక్క మెయిలు కొడితే...”

“ఎనిమిది కొట్టాలన్నా,” అన్నాడు జగదీష్. అతని చెయ్యి వెళ్ళి మ్యూట్ తీసింది. “హెలెన్, దిస్ ఈజ్ జగదీష్. నో సైన్ ఆఫ్.”

చైతన్య నో అన్నాడు. అని, తనే ఆశ్చర్యపోయి, సరిగ్గా వినిపించలేదేమోనని రెండోసారి అన్నాడు. తర్వాత ఇంకో నలుగురు. హెలెన్ ఏడు వరసల్లో ఏడుసార్లు రాసుకుంది.

“శ్రీవిద్య?”

అరవై రోజులు. గదిలో సోఫా, మూడు కుండీలు, తమ్ముడి చదువుకి తెచ్చిన అప్పు. అన్నీ కళ్ళ ముందుకొస్తాయేమో అని ఆమె కాస్త ఆగింది. రాలేదు. టేబుల్ కింద వైర్ల మధ్య నరసింహ పడి ఉన్న చోటు కనిపించింది. అక్కడ అతని డోలో రేకు ఇంకా ఉంది. ఎవరూ ఊడ్వలేదు.

“నో.”

హెలెన్ పెన్ను కింద పెట్టింది. ఏప్రిల్ ఆరుకి ఇది నడవకపోతే తన ఉద్యోగం కూడా ఊగుతుందని ఆమె ముఖంలో తెలిసింది. చివరికి, “ఈ నరసింహ ఇప్పుడెలా ఉన్నారు?” అని అడిగింది. వారం మొత్తంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మేనేజర్ ఆమె. తర్వాత, పైవాళ్ళతో మాట్లాడాలి అని కాల్ కట్ చేసింది.

రాఘవులు ఖాళీ పూతరేకుల డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. “బ్యాడ్జీలు.”

ఎనిమిది బ్యాడ్జీలు పడ్డాయి. జగదీష్‌ది సరిగ్గా పడకపోతే మళ్ళీ తీసి సర్ది పెట్టాడు. అలవాటు.

కిందికి దిగి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, బిల్డింగ్ ముందు కాలిబాట అంచున వరసగా కూర్చున్నారు. ఇంటికెళ్తే ఒక్కొక్కరే అయిపోతారని అందరికీ తెలుసు. మార్చి గాలి ఈడ్చి కొడుతోంది. పైన విమానం పోయింది. నిధి నరసింహకి మెసేజ్ పెట్టింది. కాసేపటికి ఒక కారొచ్చింది. అవని నడుపుతోంది. పక్క సీట్లోంచి దుప్పటి కప్పుకుని నరసింహ దిగాడు.

“మీకేమన్నా పిచ్చా? నా ఒక్కనికోసం ఎనిమిదిమంది?” అన్నాడు. దగ్గు తెరలో తిట్లు సగం పోయాయి. తిట్టడం అయ్యాక వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

తొమ్మిదిమందయ్యారు.

బిల్డింగ్ తలుపు తెరుచుకుంది. సెక్యూరిటీ అనుకుని జగదీష్ సగం లేచాడు. వచ్చింది మూడో అంతస్తులో ఇంకో కన్సల్టెన్సీలో పనిచేసే అమ్మాయి. ముక్కు ఎర్రగా ఉంది. చేతిలో టిష్యూ పెట్టె, వెనక గాజు తలుపుకి ముఖాలు ఆనించి నలుగురు.

“అండీ,” అంది, తుమ్మి. “మాకూ జ్వరాలొస్తున్నాయి. మీటింగ్ ఇక్కడేనా?”

శ్రీవిద్యకి చలేసింది. కోటు పైనే మర్చిపోయింది. ఆమెకి ఇలా ఏదన్నా అనిపించి చాలా కాలమైంది. భుజాలు దగ్గరకి ముడుచుకుని, కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

“ఇక్కడే. వాళ్ళని కూడా పిలువు.”